నేను కొట్టేసిన వరుస

ఈ మధ్య మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన ఒకమ్మాయి ఫోన్ చేసింది. "మేడం, కొత్త లేబర్ కోడ్ వచ్చింది గదా. కూలోళ్ల పరిహారం పాలసీ అంటే ఓనర్లు మొఖం తిప్పుకుంటున్నరు, ఖర్చు పెరుగుతదంటున్నరు. మీరున్నప్పుడు ఎట్ల ఒప్పించేటోళ్లు?" అని అడిగింది.

ఒప్పించడంలో నాకు మంచి పేరే ఉండేది. ఆ పేరు వెనక ఏం జరిగిందో ఫోన్లో చెప్పడానికి కుదరలేదు. అందుకే రాస్తున్నాను. ఆమెతో పాటు ఈ ఉద్యోగాల్లోకి వస్తున్న మీరూ చదవండి.

నేను సాధారణ బీమా కంపెనీ జగిత్యాల బ్రాంచిలో టైపిస్టుగా చేరి, పరీక్షలు రాసి, అధికారిగా రిటైరయ్యాను. బండ్లు, గోదాములు, గల్ఫ్ పోయేవాళ్ల బీమా, అన్నీ చూసేదాన్ని. వాటిలో ఎవరికీ ఇష్టం లేని పాలసీ కార్మికుల పరిహారానిది. పనిలో ఉండగా కూలీకి దెబ్బ తగిలితే యజమాని పరిహారం కట్టాలని చట్టం. యజమాని మా దగ్గర పాలసీ తీసుకుంటే ఆ భారం మేం మోస్తాం. కోరుట్లలో రైస్ మిల్లులు, సిరిసిల్లలో సాంచెలు నా వంతు. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచె అంటారు.

పరిహారాన్ని కూలీ జీతాన్ని బట్టి లెక్క కడతారు. అయితే జీతం ఎంతున్నా ఒక పరిమితి దాటి లెక్కలోకి తీసుకునేవారు కాదు. కరోనాకు రెండు మూడు నెలల ముందు ఆ పరిమితిని దాదాపు రెట్టింపు చేశారు. దెబ్బ తగిలినవాళ్లకు అది న్యాయమే. కాని పరిహారం పెరిగితే మా ప్రీమియమూ పెరుగుతుంది. మా మేనేజరు ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, "పాత పాలసీ ఒక్కటి కూడా జారిపోవద్దు మేడం" అన్నాడు.

ముందు కోరుట్ల వెళ్లాను. అక్కడొక మిల్లు యజమాని కొత్త లెక్క చూసి కాగితం పక్కన పెట్టాడు. "వడ్లు పట్టిచ్చే రేటు పెరగలే, కరెంటు పెరిగింది, హమాలి పెరిగింది, ఇగ మీరు గూడ పెంచుర్రి. పోనియ్యి మేడం, ఈ ఏడు పాలసీ వద్దు." ఆయన కోపంలో అబద్ధం లేదు. నాకు మాత్రం పాలసీ కావాలి. అప్పుడే ఆ ఉపాయం తట్టింది. ఊడ్చేవాళ్లు, బస్తాలు కుట్టేవాళ్లు, కావలివాడు వీళ్లంతా ఎందుకు? మిషన్ మీద చెయ్యి పెట్టేవాళ్లను మాత్రమే రాయండి, నిరుడు కట్టినంతే పడుతుంది అన్నాను. ఆయన మొహం విప్పారింది. టీతో పాటు మిఠాయి కూడా తెప్పించాడు.

తిరుగు బస్సులో, నాతో వచ్చిన మా జూనియర్ చాలాసేపు కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. పాలసీలు రాసే సెక్షన్‌లో పనిచేసే నెమ్మదైన పిల్లగాడు, మా ఆఫీసులో నిబంధనల పుస్తకం మొత్తం చదివినవాడు అతనొక్కడే. చివరికి అన్నాడు: "మేడం, రేపు గా ఊడ్చే ఆమెకే దెబ్బ తగిలితే మనమే గదా కాదనేది?"

"ఊడ్చే ఆమెకు ఏం తగుల్తదయ్యా" అన్నాను.

వారం తిరక్కుండా సిరిసిల్లలో ఆసాములతో మీటింగు పెట్టాం. ఆసామి అంటే సొంత షెడ్డులో నాలుగో ఎనిమిదో సాంచెలు పెట్టుకుని, పెద్ద సేట్లు ఇచ్చిన నూలుతో బట్ట నేసి, మీటరుకు ఇంత అని కూలి తీసుకునేవాడు. తన కింద పనిచేసేవాళ్లకు అతను యజమాని. సేటు ముందు అతనూ కూలివాడే. చట్టం అతని మీద బరువు పెంచితే ఆ బరువును సేటు మీదికి నెట్టే దారి అతనికి లేదు. ఇది నాకు అప్పుడూ తెలుసు. తెలిసే, కోరుట్ల ఉపాయాన్ని అక్కడ ఇంకా ఉత్సాహంగా చెప్పాను. అందరూ తలలూపారు.

మీటింగు అయ్యాక ఎనిమిది సాంచెల ఆసామి ఒకాయన ఫారం నింపి తెచ్చాడు. నలభై దాటినవాడు, చెవుల్లో ఇంకా దూది పింజలున్నాయి. ఫారంలో రెండు షిఫ్టులకు కలిపి సాంచెలు నడిపేవాళ్లు నలుగురు, కింది వరుసలో కండెలు చుట్టేవాళ్లు ఇద్దరు అని రాశాడు. అడ్డానికి వేసే నూలును చిన్న పుల్లలకు చుట్టడమే కండెలు చుట్టడం. ఆ పని ఆడవాళ్లు చేస్తారు, సాంచె పనికన్నా కూలి తక్కువ.

"గీ ఇద్దరెందుకు?" అన్నాను.

"లోపల్నే తిరుగుతరు గదా అక్కా."

"తిరిగితే ఏమైతది? కండెలు మీద పడి చస్తరా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు. నా పెన్నుతోనే ఆ వరుసను అడ్డంగా కొట్టేసి, పక్కన ఆయనతో పొట్టి సంతకం పెట్టించాను. ప్రీమియం తగ్గింది. ఆయన నాకు దండం పెట్టాడు.

ఒక్క మాట ఒప్పుకోవాలి. అన్నేళ్లు సిరిసిల్ల తిరిగి కూడా నేను ఒక్క సాంచెల షెడ్డు లోపలికి పోలేదు. లోపల చప్పుడుకు మాట వినపడదు. అందుకే ఎప్పుడూ ముందు గదిలో కూర్చుని టీ తాగి, సంతకాలు తీసుకుని వచ్చేదాన్ని.

తర్వాత లాక్‌డౌన్ వచ్చింది, సాంచెలు ఆగాయి, మళ్లీ నడిచాయి. ఆయన ఏడాదికోసారి అదే ఫారం చూసుకుని రెన్యువల్ చేయించుకున్నాడు. ఒక వానాకాలం, మధ్యాహ్నం అన్నం తింటుండగా ఆయన ఫోన్ వచ్చింది.

"అక్కా, నాడె ఎగిరింది."

నాకు అర్థం కాలేదు. "ఎక్కడికి ఎగిరింది?" అన్నాను.

"కండెలు చుట్టే ఆమె కంట్లకు."

నాడె అంటే కండెను కడుపులో పెట్టుకుని నిమిషానికి వందసార్లకు పైగా అటూ ఇటూ ఉరికే చెక్క ముక్క. రెండు కొసలకూ ఇనుప మొనలుంటాయి. ఎప్పుడో ఒకసారి దారి తప్పితే వడిసెల రాయిలాగా సాంచె నుంచి బయటికి దూకుతుంది. సిరిసిల్లలో ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకు తెలియదు.

కరీంనగర్ ఆస్పత్రిలో మూడు రోజులు చూసి, ఇక లాభం లేదని ఆమె ఎడమ కన్ను తీసేశారు. ఆ వారంలోనే జూనియర్‌ను తీసుకుని సిరిసిల్ల వెళ్లాను. ఆసామి షెడ్డు తలుపు తెరిచి పట్టుకున్నాడు. మొదటిసారి లోపలికి అడుగుపెట్టాను. రెండు వరుసల్లో ఎనిమిది సాంచెలు, మధ్యలో మూరెడు దారి. కండెలు చుట్టే మిషన్ వెనక గోడ దగ్గరుంది. చుట్టిన కండెలను బుట్టలో వేసుకుని, ఆ మూరెడు దారిలో ప్రతి సాంచె దగ్గరికీ పోయి పెట్టి రావాలి. రోజుకు ఎన్నిసార్లు పోతారని అరిచి అడిగాను. ఆసామి చేతులు తిప్పి చూపించాడు, లెక్క లేదు అని. సాంచె నడిపేవాడు తన నాలుగు సాంచెల ముందు ఒక పక్క నిలబడతాడు. కండెల ఆమె మాత్రం అన్ని నాడెలకూ ఎదురుగా నడుస్తుంది.

జూనియర్ నా వైపు చూడలేదు. ఆ మర్యాద నాకింకా గుర్తుంది.

రెండు రోజులకు ఆసామి, ఆయన భార్య జగిత్యాల వచ్చారు. ఆస్పత్రి ఖర్చు మొత్తం ఆయనే పెట్టుకున్నాడు. ఇక పరిహారం కూడా ఆయన నెత్తినే పడేట్టుంది. కొత్త పరిమితి వచ్చాక అది మునుపటి లెక్కలా లేదు. మాట్లాడింది ఆయన భార్యే.

"సాంచెలు బ్యాంకు లోన్ల ఉన్నయ్ మేడం. అమ్మితే లోనుకే పోతయ్. ఇగ మేమిద్దరం గూడ ఇంకొకల షెడ్డుకు కూలికి పోవుడే. ఆమెకు ఇయ్యద్దని అంటలేను. ఆమె కన్ను నా కండ్ల ముంగటనే పోయింది. యాడికెల్లి తెచ్చియ్యాలె?"

మా మేనేజరు చెడ్డవాడు కాదు. వాళ్లకు నీళ్లిప్పించి, ఫైలు తిరగేసి, గొంతు తగ్గించాడు. "పాలసీల సాంచె నడిపేటోళ్లు నలుగురు. ఉన్నది ముగ్గురే అంటున్నరు, ఒకాయన భీవండి సాంచెలకు పోయిండట. గా నాలుగో మనిషి కింద కండెల ఆమెను రాద్దాం. ఎవలు అడుగుతరు?"

ఆసామి భార్య కళ్లు తుడుచుకుంది. ఆ గదిలో అందరికన్నా ఎక్కువ ఊపిరి పీల్చుకున్నదాన్ని నేనే. అలా రాస్తే నేను కొట్టేసిన వరుస సంగతి ఎవరికీ పట్టదు. ఆ కండెల ఆమెతో స్టేట్‌మెంట్ రాయించుకొచ్చే పని నేనే తీసుకున్నాను.

ఆమెది ఎల్లంతకుంట దగ్గర ఊరు. ముప్పై ఏళ్లుంటాయి. భూమి లేని ఇల్లు, భర్త సెంట్రింగ్ పనికి పోతాడు. సిరిసిల్లలో ఒక గది అద్దెకు తీసుకున్నారు. గోడకు యేసు ప్రభువు క్యాలెండరు, కింద మడత మంచం. కంటికి కట్టు, తెల్ల గుడ్డ మీద పచ్చ మందు మరక. నన్ను కూర్చోమని స్టూలు జరిపింది.

నేను సంగతి చెప్పాను. "సాంచె నడిపేదాన్నని ఒక్క మాట అంటే సరిపోతది. పైసలు మా కంపెనీ ఇస్తది. ఆసామి కూడ మునగడు."

ఆమె విన్నది. "నాకు సాంచె నడపరాదు మేడం."

"నడపాల్సిన పని లేదమ్మా. నడిపేదాన్నని చెప్పుడే."

"ఆఫీసర్ నడిపి చూపెట్టమంటే?"

"అట్ల అడుగరు."

"నేను కండెలు చుట్టేదాన్నని బజారంత ఎరుకే. పదేండ్ల సంది చుట్టిన. గా పని చేసుకుంటనే దెబ్బ తగిలింది. గది ఎందుకు దాయాలె? నేను చేసింది పనే గదా మేడం?"

స్టేట్‌మెంట్ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. పోయేటప్పుడు ఆమె అడిగింది: "ఆసామి మంచోడే. గాయనకేమన్న అయితదా?"

విచారణ కరీంనగర్‌లో కార్మిక శాఖ ఆఫీసులో జరిగింది. పొద్దున పదకొండు గంటలకు. చిన్న గది, ఫ్యాను తిరుగుతోంది, గోడ పొడుగునా ఫైళ్ల బీరువాలు. ఒక పక్క ఆమె, ఆమె భర్త. ఇంకో పక్క ఆసామి. కంపెనీ తరఫున మా వకీలు, రికార్డు తెచ్చిన అధికారిగా నేను, నా వెనక ఫైలు పట్టుకుని జూనియర్. వకీలు పని వకీలు చేశాడు. ఫారం చూపించి, "కండెలు చుట్టేవాళ్లకు ఇందులో బీమా లేదు. యజమానే ఆ వరుస తీసేసి సంతకం పెట్టారు. కంపెనీకి సంబంధం లేదు" అన్నాడు.

విచారణ చేస్తున్న కార్మిక శాఖ అధికారి ఆసామిని అడిగాడు: "ఎందుకు తీసేసినవ్? పైసలు మిగులుతయనా?"

ఆసామి లేచి నిలబడ్డాడు. నా వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. "తెల్వక తీసేసిన సార్" అన్నాడు.

ఆయన నా పేరు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తర్వాత కూడా నేను అడగలేదు. మా కంపెనీతో మళ్లీ పని పడుతుందనుకున్నాడేమో, ఆడమనిషిని పదిమందిలో పట్టివ్వడం ఎందుకనుకున్నాడేమో. రిటైర్మెంటుకు రెండేళ్లుంది. వకీలు తన కాగితాలు సర్దుకుంటున్నాడు. ఇంకో నిమిషం నోరు మూసుకుంటే ఆ రోజు గడిచిపోయేది.

"సార్, ఆయన రాసిండు. కొట్టేసింది నేను" అన్నాను.

వకీలు నా కొంగు లాగినంత పని చేశాడు. అధికారి కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు. "వివరంగ చెప్పుండ్రి."

చెప్పాను. మీటింగు, ప్రీమియం, నేను వేసిన జోకు, అందరూ నవ్వడం. షెడ్డు లోపలికి ఎన్నడూ పోలేదని కూడా చెప్పాను. ఆయన అసలు ఫారం తెప్పించుకుని వెలుతురుకు పట్టి చూశాడు. కొట్టేసిన గీత నీలం ఇంకు, ఆసామి రాసింది నలుపు. 'కండెలు చుట్టేటోళ్లు ఇద్దరు' అన్న అక్షరాలు గీత కింద ఇంకా చదవొస్తున్నాయి. నా మాటలన్నీ రాయించి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను.

తిరుగు బస్సులో జూనియర్ నా పక్కనే కూర్చున్నాడు. గంగాధర ఊరు దాటాక తన టిఫిన్ డబ్బా తెరిచి, "తినుండ్రి మేడం, పొద్దటి సంది ఏం తినలే" అన్నాడు. చల్లబడ్డ చపాతీలు చెరి రెండు తిన్నాం.

తీర్పు రావడానికి కొన్ని నెలలు పట్టింది. బాధ్యత యజమానిదే, కాని బీమా అడిగిన మనిషిని కంపెనీ అధికారే తప్పించింది కాబట్టి కంపెనీ కట్టాలి అని రాశారు. అప్పీలుకు పోవాలా వద్దా అని మా పై ఆఫీసు కొన్నాళ్లు ఊగిసలాడి, చివరికి కట్టేసింది. నాకు మెమో వచ్చింది. సంజాయిషీలో విచారణలో చెప్పిందే రాశాను. ఒక ఇంక్రిమెంటు ఆపారు. మా మేనేజరు నెలరోజులు నాతో పొడిగా ఉన్నాడు. పాపం, ఆయన అందరినీ ఒడ్డున పడేయాలనుకున్నాడు.

ఆసామి ఆస్పత్రి అప్పు కోసం బ్యాంకును ఒప్పించి రెండు సాంచెలు అమ్మాడు. ఆరు మిగిలాయి. ఆ రెండింటి జాగాలోకి కండెల మిషన్‌ను ముందుకు జరిపాడు. సాంచెల కొసలకు మానేరులో చేపలు పట్టేవాళ్ల దగ్గర పాత వలలు కొని కట్టాడు. నాడె ఎగిరినా వలలో చిక్కుకుని వేలాడుతుంది. ఒకరోజు నాకు చూపించి, "గిది ముందుగాల తోచలే అక్కా" అన్నాడు. చట్టం మారితే ఖర్చు ఎంత పెరుగుతుందని మేమంతా మీటింగుల్లో కాగితాల మీద లెక్కలు వేశాం. వల మాట ఆ మీటింగుల్లో ఎవరూ ఎత్తలేదు. నేనైతే అసలే ఎత్తలేదు.

తర్వాత కోరుట్ల మిల్లుకు కూడా పోయాను. ఊడ్చేవాళ్లను, బస్తాలు కుట్టేవాళ్లను మళ్లీ రాయమన్నాను. యజమాని నన్ను వింతగా చూశాడు. "వద్దన్నది మీరే, కావాలంటున్నది మీరే."

"రెండూ నేనే అన్న. మొదటిది తప్పు" అన్నాను.

ఆయన ఆ ఏడు వేరే కంపెనీకి మారాడు. నేను తిరిగి పోయి చెప్పిన వాళ్లలో కొందరు వరుసలు కలిపారు, కొందరు నన్ను చూసి ఫోన్ చెవిన పెట్టుకున్నారు. నా టార్గెట్ ఆ సంవత్సరం నిండలేదు. చట్టం పెంచిన భారం నిజమైనదే, ఆసామి లాంటివాళ్లకు అది మరీ బరువు, దాన్ని కొట్టిపారేయకండి. తగ్గించే దారులుంటే వెతకండి, కిస్తీలుంటే చెప్పండి. కాని మనిషిని కాగితంలోంచి తీసేసి బరువు తగ్గిందని చెప్పకండి. ఆ బరువు ఎక్కడికీ పోదు. సంతకం పెట్టే ముందు షెడ్డు లోపలికి పొండి. చెవుల్లో దూది పెట్టుకుని పొండి.

నేను రిటైరయ్యే నెలలో కండెల ఆమె జగిత్యాల బ్రాంచికి వచ్చింది. పెట్టుడు కన్ను, దాని మీద పలచటి అద్దాలు. ముందు గుర్తు పట్టలేదు. సిరిసిల్ల నుంచి రెండు బస్సులు మారి వచ్చిందట. పరిహారం నుంచి పిల్లల పేరిట కొంత వేసి, మిగిలినదాంతో లంగాలు కుట్టే మిషన్లు రెండు కొన్నది. తాను బట్ట కత్తిరిస్తుంది, ఇద్దరు ఆడవాళ్లు కుడతారు.

"గా ఇద్దరికి బీమా చెయ్యాలె మేడం" అన్నది.

లెక్క వేసి చెప్పాను. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. "గింతనా? ఒక్క లంగా కుడితే ఎంత మిగుల్తదో ఎరుకేనా మీకు?"

నేను నవ్వు ఆపుకున్నాను. ఆమె నవ్వలేదు. కాసేపు వేళ్ల మీద ఏదో లెక్కబెట్టుకుని, "సరే, ఇద్దర్నీ రాయుండ్రి" అన్నది. రాశాను. ఫారం తన వైపు తిప్పుకుని కింది ఖాళీ గడి మీద వేలు పెట్టింది.

"గీడ నా పేరు గూడ రాయుండ్రి. నేను గూడ గాడ్నే పని చేస్త గదా."

"నీ పేరు ఇందుల రాదమ్మా. నీకు వేరే పాలసీ తీసుకోవాలె. ఇది కూలోళ్లకు. యజమాని పేరు పైన రాస్తం, గంతే."

ఆమె ఫారం పైభాగం చూసింది. అక్కడ నేను అప్పటికే రాసిన తన పేరును ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది.

"అంటే యజమానిని నేనా మేడం?"

"నువ్వే."

ఆమె కొంగుతో చేయి తుడుచుకుని, పెన్ను అడిగి తీసుకుని, తొందరపడకుండా సంతకం పెట్టింది.